చెన్నైలో పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రులకు ఒక లోకల్ గార్డియన్ బహిరంగ లేఖ

నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, తిరుపతి వైపు నుంచీ, ఇంకా పైన ఖమ్మం, హైదరాబాద్ నుంచీ ఈ ఏడు పిల్లల్ని చెన్నై కాలేజీల్లో ఫస్టియర్‌లో చేర్పించిన అమ్మలకూ నాన్నలకూ నమస్కారం.

మీలో కొందరు నాకు చుట్టాలు. ఎక్కువమంది చుట్టాల చుట్టాలు, లేదంటే మా ఊరివాళ్ళకు తెలిసినవాళ్ళు. మాది నెల్లూరు జిల్లా, పెళ్ళయి వచ్చినప్పటి నుంచి క్రోంపేటలోనే కాపురం. తాంబరం, వండలూరు, కేళంబాక్కం వైపు కాలేజీలకు మా ఇల్లు కాస్త దగ్గర కాబట్టి, హాస్టల్ ఫారంలో లోకల్ గార్డియన్ అన్న గడి వచ్చేసరికి అందరికీ నేనే గుర్తొస్తాను. సంతకం పెట్టమంటే పెడతాను, ఆధార్ జెరాక్స్ అడిగితే ఇస్తాను. దాంతో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా ఆగస్టు దాటాక మొదలయ్యే ఫోన్లతోనే.

"వదినా, వాడు పొద్దున్నుంచి ఫోన్ ఎత్తట్లేదు, ఒకసారి పోయి చూసిరాకూడదా?"

"అక్కా, యాప్‌లో అటెండెన్స్ 71 అని చూపిస్తా ఉంది. మాతో 90 అన్నాడే!"

"పిన్నీ, దానికి ఏమైందో తెలీదు, ఏమడిగినా 'ఆఁ బాగానే ఉన్నా' అంటుంది. నువ్వు కొంచెం కనుక్కో. నేను అడగమన్నానని మాత్రం చెప్పబాక."

ఇన్ని ఫోన్లలోనూ మీరు అడిగేది ఒక్కటే, మా బిడ్డ నిజంగా ఎలా ఉంది అని. నేను మిమ్మల్ని అడగదలుచుకున్నదీ ఒక్కటే. ఆ నిజం మీ బిడ్డ మీకే చెప్పుకునే వీలు ఎందుకు లేకుండా పోయింది? ఫీజు కట్టారు, లాప్‌టాప్ కొన్నారు, ఆవకాయ జాడీ, కందిపొడి డబ్బా పంపారు. అన్నీ మంచివే. కానీ నేను చూసినంతలో ఈ మొదటి ఏడాది గట్టెక్కే పిల్లలకూ గట్టెక్కలేని పిల్లలకూ తేడా ఎక్కడుందంటే, చెడ్డ కబురు ఏదైనా ముందు ఇంటికే చెప్పాలని వాళ్ళకు అనిపిస్తుందా లేదా అన్న దగ్గరే ఉంది.

మన పిల్లలు ఎలాంటి చోటి నుంచి వస్తున్నారో ఇక్కడి లెక్చరర్లకు తెలియకపోవచ్చు, మనకు తెలుసు. రెండేళ్ళు రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నారు. తెల్లవారకముందే లేపడానికి ఒక మనిషి, స్నానానికి బెల్లు, టిఫిన్‌కి బెల్లు, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు, వారం వారం పరీక్ష, ఆ మార్కులు నేరుగా మీ ఫోన్‌కి. వాడు తన టైం తాను చూసుకున్న రోజు లేదు. అలాంటివాడిని పదిహేడున్నరేళ్ళకు ఒక గదిలో ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళతో, చేతిలో ఫోనూ ఏటీఎం కార్డూ పెట్టి దింపి వెళ్తాం. మధ్యాహ్నం మూడున్నరకు క్లాసు అయిపోతుంది. ఆ తర్వాత ఏం చేయాలో చెప్పేవాళ్ళు లేరు. మొదటి నెల కొంతమంది పిలకాయలు ఆ మూడున్నర నుంచి రాత్రి దాకా ఏం చేయాలో తెలియక మంచం మీదే పడుకుంటారు. చూసేవాళ్ళకు బద్ధకంలా ఉంటుంది. అది బద్ధకం అనుకుని మీరు అక్కడి నుంచి మళ్ళీ బెల్లు కొట్టడం మొదలుపెడతారు. ఉదయం ఆరింటికి లేపే ఫోన్, రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్, మధ్యలో యాప్. బీటెక్ ఫస్టియర్ కాస్తా ఇంటర్ మూడో సంవత్సరం అయిపోతుంది. ఎప్పటికైనా వాడు తన గడియారం తానే చూసుకోవాలి కదా. నాలుగో ఏడాది ఇంటర్వ్యూ రోజున నేర్చుకోమంటే కుదరదు.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను. ఏ ఊరో, ఏ కాలేజీయో చెప్పను. వానాకాలంలో ఒక ఆదివారం భోజనానికి వచ్చింది. చారన్నం తిని, కంచం తానే కడిగి పెట్టి, నా పక్కన కూర్చుని ఫోన్ తీసింది. స్క్రీన్ వెలుతురు బాగా తగ్గించి ఉంది. హాల్లో ఉన్న మా వారికి కనపడకూడదని కాబోలు. ఇంటర్నల్ మార్కులు, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్షవి. మ్యాథ్స్‌లో 50కి 11. అవి వచ్చి వారం దాటింది. ఈలోగా ప్రతి రాత్రీ ఇంటికి మాట్లాడింది, ప్రతి రాత్రీ బాగానే రాశానంది. "మీ నాన్న అరుస్తారా?" అన్నాను. "అరవరు పిన్నీ. ఏం మాట్లాడకుండా ఫోన్ అమ్మకిచ్చేస్తారు" అంది.

ఆ పిల్ల మొద్దు కాదు. ఇంటర్‌లో 980 దాకా తెచ్చుకుంది. అదే అసలు చిక్కు. అక్కడ మోడల్ పేపర్లు చేసి చేసి లెక్క చూడగానే చెయ్యి తనంతట తానే రాసేసేది. ఇక్కడ మొదటి సెమిస్టర్ మ్యాథ్స్‌లో నెల రోజుల్లో ఒక యూనిట్ పరిగెత్తిస్తారు, ప్రశ్న రూపం మారుస్తారు. ఇంజనీరింగ్ డ్రాయింగ్ అప్పటిదాకా చూసి ఉండరు. కీబోర్డు మీద చెయ్యి పెట్టనివాళ్ళు, స్కూల్లోనే కోడింగ్ నేర్చుకుని వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని ప్రోగ్రామింగ్ ల్యాబ్ చేయాలి. లెక్చరర్ ఇంగ్లీషులో మొదలుపెట్టి జోకు దగ్గరికొచ్చేసరికి తమిళంలోకి దిగుతాడు, అందరూ నవ్వుతారు, మనవాళ్ళు పక్కవాడిని చూసి నవ్వుతారు. పైగా ఆ క్లాసులో అందరూ తమ తమ ఊళ్ళో ఫస్టు వచ్చినవాళ్ళే. కొన్ని యూనివర్సిటీల్లో రిలేటివ్ గ్రేడింగ్ కూడా ఉంటుంది, అంటే మీ అమ్మాయి గ్రేడు ఆమె మార్కుల మీదే కాక మొత్తం క్లాసు ఎలా రాసిందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఇవన్నీ తెలియకుండా "9 పాయింట్లు రావాలమ్మా" అని రోజూ అనడం వల్ల పాయింట్లు పెరగవు. వచ్చిన మార్కులు దాచిపెట్టడం మాత్రం నేర్చుకుంటారు.

దాచితే ఏమవుతుందో లెక్కగానే చూడండి. ఇంటర్నల్‌లో 11 వచ్చిందని ఆ వారంలోనే తెలిస్తే చేయగలిగినవి చాలా ఉన్నాయి. ప్రతి సెక్షన్‌కీ ఒక మెంటర్ ఉంటారు, ఆయన దగ్గరికి వెళ్ళొచ్చు. సీనియర్ల దగ్గర పాత ప్రశ్నపత్రాలు దొరుకుతాయి. రెండో ఇంటర్నల్ ఉంటుంది. అదే సెమిస్టర్ రిజల్ట్ రోజున తెలిస్తే చేతిలో ఉండేది అరియర్ ఒక్కటే. మన వైపు బ్యాక్‌లాగ్ అంటారే, అదే, తప్పి మళ్ళీ రాయాల్సిన పేపరు. అరియర్ వచ్చినా కొంప మునగదు, తర్వాతి పరీక్షలప్పుడు రాసుకోవచ్చు. చాలా కంపెనీలు క్యాంపస్‌కి వచ్చేనాటికి పెండింగ్ ఉండకూడదంటాయి, కొన్ని మాత్రం ఇంతకుముందు ఎప్పుడైనా ఉందా అని కూడా అడుగుతాయి. ఫస్టియర్‌లో ఒకటి పోతే క్లియర్ చేసుకోవడానికి బోలెడు టైం ఉంది. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందో అన్న టెన్షన్‌తో చదివేవాడికి మాత్రం ఒకటి మూడవుతుంది.

ఇక అటెండెన్స్. చాలాచోట్ల 75 శాతం రూలు. తగ్గితే ఆ పేపరు పరీక్ష రాయనివ్వరు. మెడికల్ సర్టిఫికెట్ ఉంటే కొంత సడలింపు ఇస్తారు, ఎంతన్నది ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో రకం. ఒక సబ్జెక్టుకి సెమిస్టర్ మొత్తంలో 60 క్లాసులనుకుంటే పోగొట్టుకోగలిగేవి 15. ఇందులో నాకు నవ్వొచ్చే విషయం ఒకటుంది. యాప్‌లో శాతం చూసి నాకు ఫోన్ చేసేవాళ్ళే శ్రావణంలో మేనత్త కూతురి పెళ్ళికి నాలుగు రోజులు రమ్మంటారు. గృహప్రవేశానికి రమ్మంటారు. దసరాకు రెండు రోజులు ముందు బయల్దేరమంటారు. సంక్రాంతికైతే ఇక్కడ పొంగల్ సెలవులు ఎలాగూ ఉంటాయి. ఉగాదికి కూడా తమిళనాడులో తెలుగు సంవత్సరాది అని సెలవిస్తారు, ఈ సంగతి చాలామందికి తెలియదు. మిగిలిన ఫంక్షన్లకు పిలిచే ముందు "నీకు ఎన్ని క్లాసులు పోతాయి, వీలవుతుందా?" అని వాడినే అడగండి. వద్దంటే మేనత్తకు మీరే సర్దిచెప్పుకోండి.

నెల్లూరు, గూడూరు వాళ్ళకు ఇంకో మాట. మూడు గంటల్లో ఇల్లు చేరగలగడం మీ పిల్లలకు వరం అనుకుంటున్నారు. మొదటి నెలన్నర ప్రతి శుక్రవారం సెంట్రల్‌కి పరిగెత్తే పిల్లలకు శని, ఆదివారాల్లో హాస్టల్‌లో కుదిరే స్నేహాలు కుదరవు. సోమవారం వచ్చేసరికి గదిలో మిగతా ముగ్గురూ ఒకటై ఉంటారు. శ్రీకాకుళం పిల్లాడికి పరిగెత్తే వీలు లేదు కాబట్టి వాడు తొందరగా కుదురుకుంటాడు. రావద్దని తిట్టి పంపమనడం లేదు. బెంగ పెట్టుకున్న బిడ్డ వస్తే అన్నం పెట్టండి. ప్రతి వారం "ఎప్పుడొస్తావు?" అని మాత్రం మీరు మొదలుపెట్టకండి.

ఆ యాప్ గురించి కూడా చెప్పాలి. ఒక కాలేజీ నుంచి గంట గంటకూ ఆబ్సెంట్ మెసేజ్ తల్లిదండ్రులకు వెళ్తుంది. ఒకసారి ఒక బ్యాచ్ మొత్తం ల్యాబ్‌లో ఉంటే, రెగ్యులర్ క్లాసులో లేరని అందరి ఇళ్ళకూ మెసేజ్‌లు పోయాయి. మా బంధువొకాయన ఒంగోలు నుంచి ఫోన్ చేసి "ఎక్కడ తిరుగుతున్నావురా?" అంటూనే మొదలుపెట్టాడు. పిల్లాడు ల్యాబ్ కోటు వేసుకుని వరండాలో నిలబడి, తోటివాళ్ళ ముందు ఫోన్‌లో సంజాయిషీ చెప్పుకున్నాడు. మర్నాటికి కాలేజీ సరిచేసింది. ఆయన సరిచేయలేదు. మెసేజ్ వస్తే సాయంత్రం దాకా ఆగండి. "ఇలా వచ్చింది, ఏంటి సంగతి?" అన్న ఒక్క మాట చాలు. వాడి పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోవడం, మీ సెక్షన్ పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పక్కవాళ్ళ అబ్బాయి మార్కులు చదివి వీడిని నిలదీయడం, ఇవి మానేస్తే ఇంకా మంచిది.

ఫోన్‌లో ఏం మాట్లాడాలి అంటారా? "తిన్నావా? చదివావా?" అన్న రెండు ప్రశ్నలకూ "ఆఁ" తప్ప జవాబు రాదు. మీ సంగతులు చెప్పండి. బోరు మోటారు కాలిపోయింది, మిర్చి ధర పడిపోయింది, ఎదురింటివాళ్ళ కుక్క మన చెప్పు ఎత్తుకుపోయింది. ముఖ్యంగా మీ చెడ్డ కబుర్లు దాచకండి. మాకు తెలిసిన ఒక పిల్లాడి తాతకు పక్షవాతం వస్తే, సెమిస్టర్ పరీక్షలున్నాయని ఇంట్లోవాళ్ళు వాడికి చెప్పలేదు. బాబాయి కొడుకు వాట్సాప్ స్టేటస్‌లో 'గెట్ వెల్ సూన్ తాతయ్యా' చూసి వాడికి తెలిసింది. పరీక్షలైతే రాశాడు. కానీ ఆ తర్వాత తన జ్వరం సంగతి, పర్సు పోయిన సంగతి ఏదీ ఇంట్లో చెప్పడు. మీరు నేర్పిన మర్యాదే మరి. వాళ్ళ మనసు పాడవకుండా మీరు దాస్తే, మీ మనసు పాడవకుండా వాళ్ళు దాస్తారు.

ర్యాగింగ్ విషయంలో ఇది మరీ ప్రమాదం. అడ్మిషన్ రోజున మీరూ మీ పిల్లలూ ఇచ్చిన అఫిడవిట్ ఒకటుంది, యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2009లో పెట్టిన నిబంధనల ప్రకారం ఇవ్వాల్సింది. చాలామంది చదవకుండానే సంతకం పెడతారు. అదే నిబంధనల్లో ఫస్టియర్ వాళ్ళకు వేరే హాస్టల్ బ్లాకు ఉండాలనీ ఉంది. తమిళనాడులో ర్యాగింగ్ నిషేధానికి 1997 నుంచే చట్టం ఉంది. 1800-180-5522 అని ఇరవైనాలుగు గంటల హెల్ప్‌లైన్ ఉంది. ఆ నంబరు వాడి ఫోన్‌లో సేవ్ చేయించండి. దానికంటే ముందు "సీనియర్లతో ఎందుకురా గొడవ, సర్దుకుపో" అన్న మాట నోట్లోంచి రానివ్వకండి. ఎంతో కూడగట్టుకుని చెప్పినవాడికి ఆ జవాబు వచ్చిందంటే రెండోసారి చెప్పడు.

డబ్బు సంగతి క్లుప్తంగా. నెలకింత అని ఒకేసారి వేయండి, ఇరవయ్యో తారీఖుకే అయిపోతే ఆ పది రోజులూ మెస్ ఉంది కదా, ఎవరూ పస్తులుండరు. అడిగినప్పుడల్లా ఐదొందలు ఫోన్‌పే చేస్తే వాడికి లెక్క రాదు. ఒక్క విషయం మాత్రం కూర్చోబెట్టి చెప్పండి. "నీ అకౌంట్‌లో కొంత డబ్బు పడుతుంది, తీసి ఇస్తే కమీషన్ ఇస్తాం" అని కాలేజీ పిల్లల వెంట పడేవాళ్ళున్నారు. అది సైబర్ మోసాల డబ్బు. అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది, పోలీసులు ముందు వచ్చేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ దగ్గరికే. లోన్ యాప్‌లూ అంతే. అలాంటిదాంట్లో ఇరుక్కున్న పిల్లాడు మొదటి రోజే ఇంట్లో చెప్తే వేలల్లో పోతుంది. బ్లాక్‌మెయిల్ మొదలయ్యాక చెప్తే ఎక్కడాగుతుందో చెప్పలేం.

"నాకు ఈ బ్రాంచి వద్దు, ఈ కాలేజీ వద్దు" అని మూడో వారంలో ఏడ్చే బిడ్డను కూడా వినండి. చాలావరకు అది బెంగ, దసరా నాటికి సర్దుకుంటుంది. కొందరి విషయంలో మాత్రం నిజమే. ఆ నిజానికి గడువుంది. 2024-25కి యూజీసీ చెప్పినదాని ప్రకారం సెప్టెంబర్ 30లోపు సీటు వదులుకుంటే ఫీజు మొత్తం, అక్టోబర్ 31లోపు అయితే 1000 రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతాది వెనక్కివ్వాలి. ఏటేటా తేదీలు మారతాయి, మీ ఏడాదిది చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. "ముందు ఈ సెమిస్టర్ కానియ్, తర్వాత చూద్దాం" అంటే ఆ తర్వాత చూడటానికి ఏమీ మిగలదు.

అన్నిటికంటే భయపడే విషయం గురించి మీరెవరూ నాతో నేరుగా మాట్లాడరు. పేపర్లో ఏదో వార్త చదివి "అంతా బాగానే ఉంది కదక్కా?" అని మాత్రం అంటారు. నేను నేరుగానే చెప్తాను. పగలూ రాత్రీ నిద్ర, మెస్‌కి వెళ్ళకపోవడం, రోజుల తరబడి స్నానం లేకపోవడం, ఇష్టమైన క్రికెట్టూ సినిమా కూడా వద్దనడం, "నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుతుంది" లాంటి మాట. వీటిలో ఏది కనిపించినా బస్సెక్కి రండి. దిష్టి తీయడాలు, జాతకాలు తర్వాత. నేరుగా అడగడానికి జంకకండి, "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టదు. 14416కి చేస్తే టెలి మానస్ వాళ్ళు, అంటే మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ వాళ్ళు, తెలుగులోనూ మాట్లాడతారు, పిల్లలే కాదు, మీరూ చేయొచ్చు. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది, అంతకు పైగా విద్యార్థులున్న సంస్థల్లో పిల్లల మనసు విని సలహా చెప్పే, అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలంది. మీ కాలేజీలో ఆ కౌన్సిలర్ పేరేమిటి, గది ఎక్కడ అన్నది హాస్టల్ ఏసీ గదుల గురించి అడిగినంత గట్టిగా అడగండి. జవాబు నీళ్ళు నమిలినట్టు వస్తే రాతపూర్వకంగా అడగండి.

వానల సంగతి మీకు ముందే చెప్పి ఉంచాలి. ఇక్కడ అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అంటే సరిగ్గా మొదటి సెమిస్టర్ చివర. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్ళిక్కరణై మునిగాయి, కరెంటు, ఫోన్ సిగ్నల్ లేక రోజులు గడిచాయి. అలాంటప్పుడు పిల్లలకు హాస్టలే భద్రం. "ఎలాగోలా వచ్చేయ్" అనకండి. ఒక పవర్ బ్యాంక్ కొనివ్వండి.

ఇక నా వరకు. జ్వరం వస్తే వస్తాను. ఆసుపత్రిలో అర్ధరాత్రి సంతకం కావాలంటే వస్తాను. ఏ ఆదివారమైనా చెప్పకుండా వచ్చి తినొచ్చు, గోంగూర పచ్చడి ఎప్పుడూ ఉంటుంది. వాళ్ళ మార్కులు మాత్రం నేను మీకు చెప్పను. ఎవరితో తిరుగుతున్నారో కనుక్కోను, గదిలో బ్యాగు వెతకను, "నేను అడగమన్నానని చెప్పబాక" అన్న పని ఇకమీదట చేయను. ప్రాణానికి సంబంధించినదని నాకనిపిస్తే ఆ నిమిషమే మీకు ఫోన్ చేస్తాను. చేస్తున్నానని బిడ్డకు ముందు చెప్పే చేస్తాను. ఇది కుదరదనుకునేవాళ్ళు వేరే గార్డియన్‌ని చూసుకోవచ్చు, నేనేమీ అనుకోను.

రాత్రి పదిన్నర దాటాక అటెండెన్స్ గురించి ఫోన్ చేయకండి. మా వారికి బీపీ.

ఇట్లు,
క్రోంపేట నుంచి మీ పిల్లల లోకల్ గార్డియన్

తా.క.: సంక్రాంతి రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంటే నవంబర్‌లో కూర్చోవాలి. ఈసారి ఆ పని వాళ్ళకే వదిలేయండి. దొరక్కపోతే మాధవరం నుంచి మన వైపు బస్సులున్నాయి, అదీ వాళ్ళే కనుక్కుంటారు.